షహజాది బేగం వేసిన ఊదు

షహజాది బేగం ఒక చోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. జవహర్‌నగర్‌లో ఆమె కుట్టుమిషను చప్పుడు ఆగిందంటే ఎవరి గుమ్మంలోనో నిలబడి మాట్లాడుతున్నట్టే లెక్క. చెత్తగుట్టల పక్కన బతికే జనం గురించి నాలుగు దేశాల పరిశోధకులు కలిసి కమిటీ వేసుకుని, బస్తీ తరఫున ఒకరు కావాలంటే, అందరూ ఆమె పేరే చెప్పారు. ఆమె మారుమాట లేకుండా ఒప్పుకుంది. కూతురు ఆఫ్షీన్ కాలేజీలో చేరి ఇన్నాళ్లయినా ఒక్క స్నేహితురాలినీ ఇంటికి తీసుకురాలేదు. ఎందుకని తల్లి అడగలేదు, బిడ్డ చెప్పలేదు. ఆ గుట్టల వాసన సంగతి పెద్దవాళ్లు చదివే చోట ఒక్కసారైనా రాయించాలని షహజాది పట్టుదల.

తీరా కమిటీ వాళ్లు బస్తీకి వచ్చే రోజు ఆమె చేసిన పని చూడండి! పొద్దున్నే గల్లీ అంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి వాకిళ్లు కడిగించింది, కిటికీలు మూయించింది. ఇంటింటా ఊదు వేయించింది, చర్చికి పోయే ఎస్తేరు ఇంట్లో కూడా. ఖర్మ కాకపోతే, గాలి కూడా ఆ రోజే బస్తీ మీదికి రాకుండా అవతలికి మళ్లింది. వచ్చినవాళ్లు చాయ్ తాగుతూ వాసన సంగతి అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "ఏం లేదు సార్, మంచిగున్నం." ఇంటికొచ్చిన మెహమాన్‌తో మా ఇల్లు కంపని ఎవరంటారు?

తర్వాత శామీర్‌పేటలోని పరిశోధన సంస్థలో కమిటీ కూర్చుంది. అక్కడ సర్వేలు చేసే మనీషా, షహజాది పక్కన చేరి ఇంగ్లీషు మాటలు తెలుగులో చెబుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏందమ్మా, ఏమంటున్నరు?"

"ఆపా, మీ బస్తీల వాసన బాధ లేదంట. సర్వేలకెల్లి మీ బస్తీని తీసేసి వేరే ఊరు సూస్తరంట."

షహజాది దుపట్టా కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. నిజం చెబితే బస్తీ అంతా అబద్ధమాడినట్టవుతుంది, అదీ తన వల్లే. చెప్పకపోతే ఆఫ్షీన్ మొహం ఎలా చూడాలి? సిగ్గుతో చచ్చిపోతూనే, కుర్చీలో ఉండలేక లేచింది.

"వాళ్ల తప్పేం లేదు సార్. ఊదు నేనే ఏపిచ్చిన. మీ ముందర ఇజ్జత్ పోతదని పరేషాన్ అయిన. వాసన ఉంది సార్. బువ్వ తినేటప్పుడు సుత ఉంటది."

మనీషా ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పగానే, ఇథియోపియా నుంచి వచ్చిన అల్మాజ్ అనే పెద్దావిడ తల పట్టుకుని ఏదో అంది.

"వాళ్ల దిక్కు సుత మెహమాన్లు వస్తే పొగ ఏస్తరంట, కాఫీ గింజలు ఏంచుతరంట," అంది మనీషా. "గక్కడ వాసన లేదని రాసుకున్న ఇండ్లన్నీ మళ్ల సూడాలె అంటున్నరు."

నాలుగు దేశాల్లోనూ మళ్లీ అడగాలని, ఈసారి ఫలానా రోజు వస్తామని ముందుగా చెప్పకూడదని కమిటీ తీర్మానించింది.

ఒక మధ్యాహ్నం, గాలి గుట్ట మీది నుంచి నేరుగా కొడుతుండగా, మనీషా, అల్మాజ్ తలుపు తట్టారు. షహజాది చెయ్యి అలవాటుగా ఊదు డబ్బీ మీదికి పోయింది. పళ్ల బిగువున వెనక్కి తీసుకుని, వెళ్లి కిటికీ తెరిచింది.

"అమ్మీ, కిటికీ!" అంది లోపలి నుంచి ఆఫ్షీన్.

"ఉండనియ్ బేటా."

వాసన వస్తుందా అని మనీషా అడిగింది. షహజాది నోరు తెరిచేలోపే ఆఫ్షీన్ బయటికొచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"వస్తది. గందుకే నా దోస్తులను ఇంటికి తీసుకొస్తలేను. రాసుకోండి."