ఈతకొలనులో నాట్లు

మోకాలి కీలు మార్పించుకున్నాక నా కాలు బిగుసుకుపోయింది. తప్పు డాక్టరుది కాదు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "కదిలియ్యకు, కుట్లు ఊడుతయి" అన్నారు. నన్ను చూసుకోవడానికి వీపనగండ్ల నుంచి వనపర్తికి వచ్చిన మా అన్న భార్య ఆ మాట పట్టుకుని నన్ను మంచం దిగనివ్వలేదు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, నేను కూడా హాయిగా పడుకున్నాను.

పరీక్షకు వెళ్తే డాక్టరు ముఖం చిట్లించారు. కుర్చీలో కూర్చున్నప్పుడు మడమ కుర్చీ కిందికి పోవాలట. వచ్చేసారికి పోకపోతే మళ్లీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుందన్నారు.

నా భయం నా కాలి గురించి కొంచెమే. మా వదిన మోకాళ్లు నాకంటే ముందే అరిగిపోయాయి. గోడ పట్టుకుని లేస్తుంది, వాకిలి దిగాలంటే పక్కకు తిరిగి దిగుతుంది. ఆపరేషన్ చేయించుకొమ్మని నేనెప్పుడు చెప్పినా "ముందుగాల నీది మంచిగ కానియ్యి, తర్వాత సూద్దాం" అనేది. ఆ రోజు కారెక్కుతూ తేల్చి చెప్పింది.

"మత్తిచ్చి వంచుతరంట. నేనైతె రాను తల్లీ. ఉన్నన్ని దినాలు గీ కాళ్లతోనే ఈడుస్త."

నాకు ఒళ్లు మండిపోయింది. నా కాలు వంగకపోతే ఈమె జన్మలో దవాఖాన మెట్టెక్కదు. ఇద్దరి కాళ్లూ నా ఒక్క మోకాలి మీదే ఆధారపడ్డాయన్నమాట.

మా ఊళ్లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి గాయం పూర్తిగా మానిందని డాక్టరుతో మాట్లాడి రూఢి చేసుకుంది. "నీళ్లల్ల నడుద్దాం మేడం. ఒంటి బరువు తెల్వదు, నొప్పి తక్కువుంటది" అంది. ఊరి చివర ఒక ఈతకొలను ఉంది, పొద్దున పూట ఆడవాళ్లకే. చీర కట్టుకుని దిగనివ్వరు. మా మేనకోడలి పైజామా తొడుక్కున్నాను, పైన మా అన్న పాత ఫుల్‌చేతుల చొక్కా. పొలం పనికి పోయే ఆడవాళ్లు చీర మీద తొడుక్కునే చొక్కా లాంటిదే. అద్దంలో చూసుకుని, నా దగ్గర చదువుకున్న పిల్లలెవరూ ఎదురు రాకూడదని మొక్కుకున్నాను.

నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి. అమ్మాయి చేయి పట్టుకుని "ముందటికి నడువుండ్రి మేడం" అంది. అడుగు వేశాను. వెనక్కి పోయాను. "ముందటికి" అంది మళ్లీ. నేను మళ్లీ వెనక్కే పోయాను. నా తల ముందుకనే అనుకుంటోంది, కాళ్లు వినడం లేదు.

గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వదిన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంది పిల్లా, నాటేస్తున్నవా?"

అప్పుడు నాకు తెలిసొచ్చింది. చిన్నప్పుడు బడి సెలవుల్లో అమ్మ పక్కన వంగి వరినాట్లు వేశాను. నాటేసేవాళ్లు నీళ్లలో ఎప్పుడూ వెనక్కే నడుస్తారు. ముందుకు పోతే వేసిన నారు తొక్కుతాం, తొక్కితే అమ్మ తిట్లు. తల మరిచిపోయిన తిట్లను కాళ్లు మరిచిపోలేదు. నాకు నవ్వు ముంచుకొచ్చింది. నవ్వుతుంటే నీళ్లు నోట్లోకి పోయాయి, దగ్గొచ్చింది, దగ్గు మధ్యలో మళ్లీ నవ్వు. నవ్వితే మునిగిపోతానని భయం, ఆ భయానికి ఇంకా నవ్వు.

అమ్మాయి మాత్రం నా కాలి వైపే చూస్తోంది. "ఆగకుండ్రి మేడం, గట్లనే ఎనకకు పోండ్రి. మోకాలు వంగుతున్నది" అంది. వెనక్కి నడవడం కూడా ఈ వ్యాయామంలో ఉందట, తర్వాత చెప్దామనుకుందట.

"మడిమె పైకి గుంజు," అంది వదిన గట్టు మీది నుంచి. "బురదలకెళ్లి కాలు గుంజినట్టు. నీకు నేర్పాల్నా?"

గుంజాను. మడమ వెనక్కి లేచింది. మంచం మీద ఏడ్చినా లేవని మడమ.

మర్నాడు వదిన కూడా ఒక పైజామా సంపాదించింది. కూర్చుని కూర్చుని విసుగొస్తోందని సాకు చెప్పి, కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగింది. నీళ్లు నడుము దాటాక ఆమె ముఖం మారిపోయింది. కమ్మీ వదిలేసింది. ఒక కాలు ఎత్తింది, దించింది, రెండోది ఎత్తింది.

"నొప్పి ఏడికి వొయిందే?" అంది, తప్పించుకున్న దొంగను వెతుకుతున్నట్టు నీళ్లలోకి చూస్తూ.

ఆమె అంత తేలిగ్గా నిలబడడం నేను చూసి ఎన్నేళ్లయిందో. ఆమె మాత్రం అప్పటికే నా పక్కన వరస కట్టి "జరుగు, సాలు వంకర పోతున్నది" అని అజమాయిషీ మొదలుపెట్టింది. ఈత నేర్చుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు మమ్మల్ని చూసి వరసలో కలిశారు. అందరం వెనక్కి వెనక్కి పోయి అవతలి గోడకు వీపులు కొట్టుకున్నాం. కొలను చూసుకునే ఆవిడ ఇది ఈతకొలనా, పొలమా అని అరిచింది. రోజూ అరిచేది, రోజూ మేం వెళ్లేవాళ్లం.

డాక్టరు చెప్పిన తేదీ వచ్చింది. వదిన పక్కనే కూర్చుంది. నేను కుర్చీలో కూర్చుని, ఊపిరి బిగబట్టి, పాదం వెనక్కి లాగాను. మడమ కుర్చీ కిందికి పోయింది. డాక్టరు వంగి చూసి, మోకాలి మీద చేయి వేసి, ఇక మత్తు అక్కర్లేదన్నారు.

నేను గెలిచినట్టు వదిన వైపు తిరిగాను. ఆమె నన్ను చూడడం లేదు. పక్కనున్న స్టూలు దగ్గరికి లాక్కుని, దాని మీద కాలు చాపి, చీర మోకాలి దాకా జరుపుకుంటోంది.

"దానిదైంది గద సారూ," అంది. "ఇగ నాది సూడుండ్రి."