పనిమనిషి, నిలబడి

మా కమిటీ పెద్దాయనకి నా బొమ్మతో పేచీ లేదు. దాని పేరుతోనే పేచీ.

దోహాలో ఉంటున్న తెలుగు చిత్రకారులం ఏటా ఒకసారి కలిసి ప్రదర్శన పెట్టుకుంటాం. చాలామందిమి ఉద్యోగస్తుల ఇళ్ల ఆడవాళ్లమే. నెమళ్లూ, గోపికలూ, నాట్యం చేసే అమ్మాయిలూ గోడ నిండా ఉంటారు. నేను ఫైన్ ఆర్ట్స్ చదివాను. పెళ్లయ్యాక అల్ అజీజియాలో ఈ విల్లా వాటాలోకి వచ్చి, ఒక గదిని పనిగది చేసుకున్నాను. మొదట్లో రంగులు మాత్రమే వేసేదాన్ని. తర్వాత గుడ్డలు కుట్టి అతికించడం, ప్లాస్టర్‌తో అచ్చులు తీయడం మొదలుపెట్టాను. ఇది పెయింటింగా, శిల్పమా అని మావాళ్లు అడిగేవారు. రెండూ అనేదాన్ని.

పక్క విల్లాలో వంటా ఇంటిపనీ చేసే అక్కది రాజంపేట దగ్గర పల్లె. శుక్రవారం మధ్యాహ్నాలు ఆమెకు సెలవు. మా ఇంటికొచ్చి టీ తాగి, ఫోన్లో కూతురితో మాట్లాడుకుని వెళ్లేది. ఒకసారి పాత యూనిఫాం పారేస్తానంటే అడిగి తీసుకున్నాను. ముదురు నీలం గుడ్డ. దానిమీద కుంచెతో బ్లీచ్ రాస్తే రంగు కరిగిపోయి తెల్లటి గీత బయటికొస్తుంది. గ్యాస్ పొయ్యి, సింకు, ఇస్త్రీ బల్ల అన్నీ అలా గీశాను. వాటి ముందు ఆమె వీపు అచ్చు పెట్టాలనుకున్నాను. నేల తుడుస్తూ వంగిన వీపు.

అడిగితే సరేనంది. పల్చటి పంచె చుట్టుకుని, ప్లాస్టర్ ఒంటికి అంటుకోకుండా వీపుకి వాజలీన్ రాయించుకుని కూర్చుంది. నేను ప్లాస్టర్ పట్టీలు నీళ్లలో తడుపుతూ, కాస్త ముందుకు వంగమన్నాను. ఆమె వంగలేదు. వెనక్కి తిరిగి నా మొహం చూసింది.

"పొద్దున లేస్తే వంగే పనే గదమ్మా. నీ కాడికొచ్చి గూడా వంగాల్నా?"

బొమ్మకి అలా ఉంటేనే బాగుంటుందని నచ్చచెప్పబోయాను. చూసేవాళ్లకి కష్టం తెలుస్తుందన్నాను.

"నా కష్టం వాళ్లకెందుకు? నిలబడతా. అట్లే తీసుకో."

లేచి నిలబడింది. భుజాలు వెనక్కి, మెడ నిటారుగా. నా ఆలోచనంతా మళ్లీ మొదటికొచ్చింది. కాసేపు కోపం కూడా వచ్చింది. కానీ పట్టీలు ఆరకముందే పని మొదలుపెట్టాలి. వరసగా అతికిస్తూ పోయాను. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వెచ్చబడుతుంది. ఎండలో నిలబడ్డట్టుందని అక్క నవ్వి, కదిలితే అచ్చు చెదురుతుందని నేను తిట్టేసరికి ఆపుకుంది. అచ్చు ఊడదీసి చూసుకున్నప్పుడు నాకు తెలిసింది, నేననుకున్న బొమ్మకంటే ఇది చాలా గట్టిదని. పేరు అప్పటికప్పుడే తట్టింది. పనిమనిషి, నిలబడి. ఆమెకి చెబితే, ఉన్నదే గదా అంది.

ప్రదర్శన అల్ దోహా అల్ జదీదాలో ఒక హాల్లో. నీలం గుడ్డ ముందు అచ్చు బిగించిన బొమ్మని మావారు దుప్పట్లలో చుట్టి కారులో ఎక్కించారు. ఇలాంటివి మనకెందుకని దారి పొడుగునా అంటూనే ఉన్నారు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి నెమ్మది చేస్తూనే ఉన్నారు. హాల్లో పేరు అట్ట చదివి కమిటీ పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు.

"మీ కళని కాదనడం లేదమ్మా. పేరొక్కటి మార్చండి. 'స్త్రీ' అని పెట్టండి, ఎంత హుందాగా ఉంటుందో."

"స్త్రీ అని చూస్తేనే తెలుస్తుందండి. ఏం పని చేస్తుందో చూస్తే తెలియదు. అందుకే రాశాను."

పెద్దవాళ్లు కుటుంబాలతో వస్తారని, ఇది నలుగురూ సరదాగా గడిపే సాయంత్రమని ఆయన చెప్పుకొచ్చారు. పోనీ తెర వెనక పెడదామన్నారు. అలాగైతే ఆహ్వానపత్రం మీద అచ్చు వేసిన నా పెద్ద పెయింటింగ్ కూడా తీసుకుపోతానన్నాను. మాట వరసకి కాదు, నిజంగానే మేకు మీంచి దింపడం మొదలుపెట్టాను. ఆయన మీ ఇష్టం అని వెళ్లిపోయారు. బొమ్మ హాలు మధ్యలో నిలబడింది.

సాయంత్రం అక్క వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, తల్లో ప్లాస్టిక్ మల్లెలు. మాకు తెలిసిన ఒకావిడ ఆమెని ఆపి, మీరు ఎవరి తాలూకండీ అని మర్యాదగానే అడిగింది. అక్క బొమ్మ వైపు చెయ్యి చూపించింది.

"ఆ ఈపు నాదేనమ్మా."

ఒకరిద్దరు టీ బల్ల దగ్గరికి జరిగారు. ఒకమ్మాయి మాత్రం వచ్చి, ఫొటో తీసుకోవచ్చా అని నన్ను కాకుండా అక్కని అడిగింది. అక్క బొమ్మ పక్కనే అదే తీరుగా నిలబడి తీయించుకుంది. వెళ్లేముందు ఒక విల్లా యజమానురాలు బొమ్మ కొంటానంది. పేరు అట్ట మాత్రం వద్దంది. అట్ట లేకుండా ఇవ్వనని చెప్పాను.

మరుసటి ఏడు నాకు పిలుపు రాలేదు. రాకపోతే మానె. అల్ రయ్యాన్‌లో ఒక షెడ్డుని ఇంకో ఇద్దరు శిల్పులతో కలిసి అద్దెకు తీసుకున్నాను. అక్క చెప్పగా ఆమె స్నేహితురాళ్లు వస్తున్నారు. ఎలా ఉండాలో నేను చెప్పడం మానేశాను. మొన్న వచ్చినామెది భీమవరం వైపు. పగటిపూట నిద్రపోతున్నట్టు తీయమంది. చాప వేస్తే పక్కకి తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. నేను వీపు మీద పట్టీలు వేస్తుండగానే నిజంగా నిద్రపోయింది. ప్లాస్టర్ ఎప్పుడో గట్టిపడింది. బయట ఎవరో యల్లా యల్లా అని తొందరపెడుతూ లారీలో సామాను ఎక్కిస్తున్నారు. లేచి తలుపు మూసి వచ్చి, ఆమె తనంతట తాను లేచేదాకా కూర్చున్నాను.