దిగువమెట్టలో దిగిపోయాం

మార్కాపురం ఆస్పత్రిలో నేను సైకాలజీ ట్రైనీని. అంటే సలహాలు చెప్పే అర్హత ఇంకా రాలేదు, చెప్పేది మాత్రం నేనే. ఆ హోదాలోనే ఆ రోజు పొద్దున రైలెక్కి గిద్దలూరులో దిగాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. చట్నీ కోసమైనా ఆ ఊళ్ళో దిగొచ్చు.

తొమ్మిదింటికి కొమరోలు బస్సులో రమణమ్మత్త వచ్చింది. ఆస్పత్రిలో నా దగ్గరికి వచ్చే మనిషి, అత్తా అని పిలవడం అలవాటైంది. పోయిన ఎండాకాలం నంద్యాల ఘాట్‌లో ఆటో బోల్తాపడి, చెల్లెలు ఆమె ఒళ్ళోనే పోయింది. అప్పట్నుంచి అత్త ఆ దారి తొక్కలేదు. నంద్యాలలో కూతురికి కొడుకు పుట్టాడు, వాడినింకా చూడలేదు. రైలు మాటెత్తితే సొరంగముందంటుంది. అందుకే ఇద్దరం కలిసి బస్సులో ఘాట్ దాటాలని వారాల తరబడి సిద్ధమయ్యాం.

లోయ కనిపించే వైపు కూర్చుంటే అందంగా ఉంటుందట. మేం రెండోవైపు కూర్చున్నాం.

ఊరు దాటగానే ముందుసీటు అవ్వ వెనక్కి తిరిగి, ఉడకబెట్టిన శనక్కాయలు చేతిలో పోసి, ఏ ఊరు, ఎవరింటికి, ఎంతమంది పిల్లలని ఆరా తీసింది. చివరికి, "మొగం అట్ల వాడిపోయిందేందమ్మా? ఎవరు పోయినారు?" అంది.

అత్త నోరు తెరిచింది. నేను అడ్డుపడ్డాను. వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా అడగరాదని మాకు నేర్పారు. నేనేమో శ్రద్ధగా చదివిన మనిషిని.

"అవన్నీ అడగొద్దవ్వా," అన్నాను.

అవ్వ నొచ్చుకుని ముందుకు తిరిగింది. చుట్టుపక్కలవాళ్ళు మర్యాదగా కిటికీల్లోంచి బయటికి చూశారు. అత్త శనక్కాయలు ఒళ్ళో వదిలేసి ముందుసీటు కడ్డీ పట్టుకుంది. మెల్లగా ఊపిరి పీల్చి వదలమన్నాను. నాకైతే కాస్త కుదుటపడింది. దిగువమెట్ట రాగానే, ఇక ముందంతా అడవే అనగా, అత్త లేచి నిలబడింది.

ఇద్దరం దిగిపోయాం. టీ కొట్టు బల్లమీద కూర్చున్నాక అత్త అంది.

"ఆయమ్మ అడిగింది గదా, చెల్లెలి గురించి చెప్పుకుంటా దాటిపోదామనుకున్నా పాపా. నువ్వు అడగొద్దంటివి. నోటితో చెప్పగూడని చావేమో అనుకున్నారు అందరూ."

కోపంగా అన్నా బాగుండేది. పోనీ నేనడుగుతాను, నాకు చెప్పత్తా అన్నాను.

"నీకన్నీ తెలుసు గదా," అంది.

పదకొండున్నరకు గిద్దలూరు బస్సు దొరికింది. మనవడి బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంది. ఎవరైనా ఏ ఊరమ్మా అని పలకరిస్తారేమోనని చుట్టూ చూశాను. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ప్రయాణం ప్రశాంతంగా సాగింది.

ఆ దారిన పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. దిగువమెట్ట దాకా రోడ్డు బాగుంది. ఆ పైన ఎట్లా ఉందో మాకు తెలీదు.