ఎలుకల మేతలో బెల్లం

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను మదురైలోని ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా ఉండేవాణ్ణి. మా వంశంలో కళాశాల మెట్లెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. కొవ్వు కణాల నుంచి వెలువడే ఒక హార్మోను శరీరంలో చక్కెర వినియోగాన్ని ఎలా నడిపిస్తుందో తెలుసుకోవడం నా పని. అందుకోసం ఆ హార్మోను జన్యువును తొలగించిన ఎలుకలు కొన్ని, తొలగించనివి కొన్ని నాకు అప్పగించారు. మామూలు తిండి మీద రెండు రకాలూ ఒకేలా ఉండేవి. కొవ్వు మేత పెడితేనే తేడా బయటపడుతుందని మా ఊహ.

ఆ మేతను బయటి నుంచి తెప్పించుకొనే స్థోమత ప్రయోగశాలకు లేదు. పొడి మేతలో వనస్పతి కలిపి బిళ్ళలు చేసుకోవాలి. నా చేతుల్లో అవి నిలిచేవి కావు. నల్లరేగడి చేను బీడు పడ్డాక, మా అమ్మ కోవిల్‌పట్టిలో వేరుశెనగ మిఠాయి చేసేచోట పనికి కుదిరింది. ఉండ కట్టడం ఆమెకు చూపు పెట్టనవసరం లేని పని. అందుకని ప్రతి శనివారం ఇంటికి వెళ్తూ, దారిలో విరుదునగర్‌లో బస్సు దిగి వనస్పతి కొని, పొడితోపాటు ఆమెకు ఇచ్చేవాణ్ణి. ఆదివారం సాయంత్రానికి బిళ్ళలు ఎండి సంచిలో సిద్ధంగా ఉండేవి.

"చేన్లో ఎలికెల్ని తరమతానే మీ తాత పోయె. నువ్వు వాటికి నెయ్యి పెట్టి సాకుతుండావు. బాగుండాది సామీ నీ సదువు!" అని నవ్వేది.

మూడు నెలల పాటు వారం వారం ఎలుకల తోక కొస నుంచి రక్తపు చుక్క తీసి చక్కెర కొలిచాను. అంకెలు అనుకున్నదానికంటే త్వరగా పెరిగాయి. ఒక ఉదయం ఎలుకల గది చూసుకొనే ఆయన, నా పంజరాలకే చీమలు పడుతున్నాయని విసుక్కున్నాడు. ఒక బిళ్ళ తీసి నాలుకకు తాకించాను. తియ్యగా ఉంది.

సంగతి చెబితే మా పర్యవేక్షకురాలు కోప్పడలేదు. రెండు రకాల ఎలుకలూ ఒకే మేత తిన్నాయి కనుక, తీపి కొలత ప్రతి వారమూ ఒకటే అయితే ఆ సంగతి రాసి లెక్కలు నిలుపుకోవచ్చునన్నారు. మారి ఉంటే మాత్రం మొత్తం పక్కన పెట్టాలి. నా ఉపకార వేతనానికి ఇక ఒక్క ఏడాదే మిగిలి ఉంది.

ఆ శనివారం చిన్న త్రాసు అడిగి తీసుకొని ఇంటికి వెళ్లాను.

"అమ్మా, మేతలో బెల్లం ఏస్తివా?"

"ఏస్తిని. లేకుంటే నిలుస్తాదా? సుమ్మా, ఊరికే రాలి రాలి పోతా ఉండె. రెండు పిడికిళ్ళు పాకం కాసి పోస్తిని. ఏం, తినలేదా?"

"తినె. కొంచెం పిడికిలి పట్టి చూపించు."

పది సార్లు బెల్లం పొడి తీయించి తూచాను. పదింటికీ మధ్య తేడా లేదన్నట్టే ఉంది. నా గుండె కుదుటపడింది. రాసుకుంటూ, మూడు నెలలూ ఇలాగే వేసింది కదా అని అడిగాను.

ఆమె ఆలోచించింది. "లేదు సామీ. నడుమ ఒక నెల పాకం పడి కుడి చెయ్యి కాలిపోయె. కట్టు కట్టుకొని ఉంటిని. ఎడం చేత్తో అందాజుగా ఏస్తిని. ఒకో తూరి ఏసిందే గ్యాపకం లేదు."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు యాడ నిలిస్తివి? సంచి ఎత్తుకొని బస్సుకు పరిగెత్తితివి."

అప్పుడు చూశాను. ఆమె అరచేతిలో చర్మం ఒకచోట నున్నగా మెరుస్తోంది. ఆ నెలలో నాలుగు సార్లు ఆ ఇంటికి వచ్చాను.

నా ముఖం చూసి ఆమె గొంతు తగ్గించింది. "అంతా ఒకే కొలతని రాసుకోరా. ఎలికెలు వచ్చి చెప్తాయా?"

తిరుగు బస్సులో ఆ మాట విరుదునగర్ దాటేదాకా నాతో వచ్చింది. సోమవారం నోటు పుస్తకంలో మూడు నెలల పుటల మీద అడ్డంగా గీత గీసి, కారణం కింద రాసి, మేడమ్‌కు ఇచ్చాను. కొత్త ఎలుక పిల్లలు పుట్టి, వాటి జన్యువును పరీక్షించి, అవి ఎదిగేసరికి నాలుగు నెలలు పడుతుందని చెప్పి ఆమె సంతకం పెట్టారు.

నాలుగు నెలల తరువాత మళ్లీ వనస్పతి తెచ్చాను. ఈసారి బెల్లం వద్దన్నాను. అమ్మ ఒత్తిన ప్రతి బిళ్ళా పళ్ళెంలో విరిగింది.

"ఇది మేతా? ఇసక!" అంది.

ఆమె పక్కన కూర్చొని నేనూ ఒత్తాను. నేను ఎప్పుడూ పరిగెత్తి ఎక్కే సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సుకు ఇంకా గంట ఉంది. పళ్ళెం సగం కూడా నిండలేదు.