కుందుర్పి దారిలో మేఘాల విమానం

2004లో దేశంలో జరిగిన విశేషాలు రెండు నేను టీవీలోనే చూశాను: ఎన్నికల్లో ప్రభుత్వం మారడం, మన క్రికెట్ జట్టు పాకిస్తాన్ పోయి గెలిచి రావడం. మూడోది మా జిల్లాలోనే జరుగుతోంది. విమానం మేఘాల్లో మందు చల్లి వాన కురిపిస్తుందట. పాలిటెక్నిక్ చదివినవాణ్ణి, అదైనా కళ్లారా చూద్దామని అక్టోబరులో ఒక ఆదివారం బయల్దేరాను.

అనంతపురంలో పదకొండు గంటల బస్సు. కల్యాణదుర్గంలో దిగేసరికి ఒంటిగంట. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఆ బజ్జీ కోసమైనా ఆ ఊళ్లో దిగవచ్చు. రెండున్నరకు కుందుర్పి బస్సు. సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాలు వేయాలి. నేను వేసేసరికి అక్కడ మడిచిన టార్పాలిన్ పట్ట ఒకటి అప్పటికే కూర్చుని ఉంది.

పట్ట ఆసామి లింగారెడ్డి అనే రైతు. దాన్ని ఒళ్లో పెట్టుకుని నాకు చోటిచ్చాడు. వచ్చిన పని చెబితే నవ్వాడు. విమానం చాలాసార్లు తిరిగిందట, కింద పడింది దాని నీడ ఒక్కటేనట. ఆ ధైర్యంతోనే శెనక్కాయ పెరికి చేలో ఆరేశాడు.

వెనక సీటులోంచి లక్ష్మక్క అందుకుంది. ఆమె చేను ఆయన చేని పక్కదే. ఆలస్యంగా విత్తింది, ఊడలు నేలలోకి దిగి కాయ కట్టడానికి ఇంకొక్క పదును వాన కావాలి.

"నమ్మకం లేనోనికి పట్ట ఎందుకన్నా?"

బస్సంతా నవ్వింది. భార్య తెమ్మందని లింగారెడ్డి సర్దుకున్నాడు.

నాలుగు కావస్తుండగా పడమట మబ్బు నల్లబడింది. పైన తుమ్మెదలా విమానం మోత. సగం బస్సు ఒకవైపు కిటికీలకు చేరింది. ఇంజన్లు ఎన్నో చూడబోయి లింగారెడ్డి ముఖం చూసి మానేశాను. ఏడాది పంట వరసలుగా నేలమీద పడి ఉంది. తడిస్తే కాయ బూజు పడుతుంది, పెరికిన చెట్టు, అంటే కట్టె, ఎద్దుల మేతకు కూడా పనికిరాదు.

"ఆపప్పా, చేను ఈడనే," అన్నాడు కండక్టరుతో.

స్టాపు కాకపోయినా బస్సు ఆగింది. ఆయన వెనకే దిగింది లక్ష్మక్క. కొంగు దోపుకుని కట్టె ఎత్తుతుంటే ఆయన నిలబడిపోయాడు.

"నీకు వాన గావాల గదమ్మా?"

"గావాల. నీ కాయ తడిస్తే నా వానకు చెడ్డపేరొస్తాది. పట్టుకో."

ఇక బస్సులో కూర్చోవడం ఎవరి వల్లా కాలేదు. డ్రైవరు సహా దిగి కట్టెనంతా కుప్ప చేసి వామి వేశాం. పట్ట కప్పి అంచుల మీద రాళ్లు పెడుతుండగా మొదటి చినుకు పడింది. విమానం అప్పటికే పోయింది. నేను చూసింది దాని తోక మాత్రమే.

కుందుర్పిలో లాడ్జి దొరకలేదు. లింగారెడ్డి ఇంట్లోనే సంగటి, ఊరిబిండి పచ్చడి తిని వసారాలో పడుకున్నాను. వాన చాలాసేపు కురిసింది. ఆయన తెల్లవారకముందే చేనికి పోయాడు.

ఏడు గంటల తిరుగు బస్సు కదలకముందే ఆ వానకు చాలామంది తండ్రులు తేలారు. విమానమని ఒకరు, కప్పల పెళ్లి అని ఒకరు, విరాటపర్వం చదివించినందుకని ఇంకొకరు. ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పేదొకటే: విమానం కనబడకపోవచ్చు, బస్సు చేని దగ్గర ఆగితే మాత్రం దిగండి.

మా బస్సు మళ్లీ ఆ చేని దగ్గరే ఆగింది. లక్ష్మక్క తన చేలో మడమల దాకా బురదలో నిలబడి చెయ్యి ఊపింది. లింగారెడ్డి వామిలో చెయ్యి దూర్చి తీసిన గుప్పెడు కాయలు కిటికీలోంచి నాకిచ్చాడు. వాన విమానందేనా అని అడిగాను.

"ఎవరిదైతే ఏమప్పా. చెవికాడ పెట్టుకో."

ఒక కాయ ఆడించాను. ఎండిన గింజ గలగలమంది.