అరువిచ్చిన మచ్చ

మొన్న మధ్యాహ్నం టీవీలో ఏదో పాత దయ్యం సినిమా వస్తుంటే మా మనవరాలు దిండు వెనక దాక్కుంది. ఛానల్ మార్చబోయి ఆగిపోయాను. దయ్యానికి ఎడమ చెంప కింద నుంచి మెడ దాకా జారిన ఆ కాలిన మచ్చ నాకు బాగా తెలుసు. తెలియకేం, అది నాదే.

ఏడో ఏట వేడి గంజి ఒలికింది నా మీద. అప్పటినుంచీ మా ఇంటికొచ్చే చుట్టాలు రెండే రకాలు: అయ్యో ఆడపిల్ల అని నిట్టూర్చేవాళ్లు, నా వైపు చూడలేక గోడ మీది క్యాలెండరుతో మాట్లాడేవాళ్లు. తిన్నగా చూసింది మా బాబాయి ఒక్కడే. ఆయన మేకప్‌మ్యాన్. సినిమావాళ్లు మద్రాసు వదిలి వస్తున్న రోజుల్లో ఆయనా పెట్టె సర్దుకొచ్చి, ఫిల్మ్‌నగర్‌లో మా మేడమీద గదిలో దిగాడు. దూది, జిగురు, రబ్బరు పాలు ఉంటే చాలు, చూస్తుండగా గాయం పుట్టించేవాడు. నెత్తురంటే పంచదార పాకంలో ఎర్ర రంగు. ఓసారి షూటింగులో దానికి చీమలు పట్టి, అందరూ గొల్లున ఏడుస్తుండగా శవం లేచి లుంగీ దులుపుకుందట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో.

నేను డిగ్రీ చదువుతుండగా ఓ ఆదివారం పక్కన కూర్చుని, మచ్చ అచ్చు తీసుకోనిమ్మని అడిగాడు. బిడ్డను మంటల్లోంచి కాపాడిన తల్లి పాత్రకట. "నీ మచ్చ చూసి జనం దణ్ణం పెట్టాలే అమ్మడూ" అన్నాడు. ఆ మాటకి పడిపోయాను. అందరూ దాచుకోమన్నదాన్ని కావాలని అడిగినవాడు ఆయనేగా మరి! అమ్మ వద్దంటున్నా వినలేదు. వరండాలో మెడకి వాసెలిన్ రాసి, తడి ప్లాస్టర్ పూసి, అది బిగిసేదాకా విసనకర్రతో విసిరాడు. మర్నాటినుంచి చెవి దాకా లాక్కునే ఓణీని భుజం మీదే పిన్ను పెట్టుకుని కాలేజీకి వెళ్లాను. పన్నెండేళ్ల తర్వాత నా మెడకి గాలి తగిలింది.

సినిమా విడుదలయ్యాక ఆయనిచ్చిన పాసులతో, మధురానగర్‌లో ఉండే నా స్నేహితురాలిని వెంటబెట్టుకెళ్లాను. తల్లి పాత్ర ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే దయ్యం ఇటు తిరిగింది. నా మచ్చతో. హాలంతా కేకలు. పక్కన నా స్నేహితురాలు కళ్లు మూసేసుకుని, "జర గట్టిగ పట్టుకోవే, నాకు బుగులైతుంది" అంది. పట్టుకున్నాను. కాసేపటికి కళ్లు తెరిచి తెర చూసింది, నా మెడ చూసింది, మెల్లగా చెయ్యి వదిలేసింది.

ఇంటికొచ్చేసరికి బాబాయి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, పరీక్ష ఫలితాల కోసం చూసే కుర్రాడిలా.

"హాలు హడలిపోయిందా అమ్మడూ?"

తల్లి పాత్ర ఏమైందని అడిగాను.

"అదెక్కడుందే? అలా చెప్పకపోతే నువ్విస్తావా?"

గొంతులో తప్పు చేసిన జంకైనా లేదు.

"హడలిపోయారు బాబాయ్. నన్ను చూసే."

అన్నేళ్లూ ఆయన నన్ను చూస్తున్నాడనుకున్నాను. చూసింది పనికొచ్చే సరుకుని. నమ్మించి గొంతు కోశాడంటారు, మా బాబాయి గొంతు మీది మచ్చని కూడా వదల్లేదు. ఓణీ మళ్లీ చెవి దాకా వెళ్లింది. ఆయన పోయేదాకా నేను మాట్లాడలేదు. ఇప్పటికీ క్షమించలేదు.

"దయ్యం పోయిందా అమ్మమ్మా?" అంటూ మనవరాలు దిండు వదిలేసి నా మెడలో ముఖం దాచుకుంది, సరిగ్గా మచ్చ మీదే. పోలేదమ్మా అనలేక దాని వీపు నిమిరాను. నా మచ్చ ముడతల్లో కలిసిపోయి ఇప్పుడు వెతికితే గానీ కనిపించదు. తెర మీద దానికి మాత్రం ఇంకా ఇరవయ్యేళ్లే.