బోరు, వాన, ఉగ్గాణి అత్త పాలసీ

నాకే అర్థంకాని సంగతిని ఆ రోజు ఒక మనిషికి బాగా అర్థమయ్యేట్టు చెప్పాను. నా తప్పు అదే. కొత్తగా బీమా ఏజెంటునైన ఆ రోజుల్లో నాకు బీమా గురించి తెలిసిందల్లా చొక్కా ఇస్త్రీ చేసుకుని తిరగాలని మాత్రమే. ఉరవకొండ బస్టాండు దగ్గర ఉగ్గాణి, బజ్జీలు అమ్మే అత్తకు (చుట్టరికం లేదు, తిని తిని నేనే కలుపుకున్నాను) ఒక పాత పాలసీ ఉండేది. పొయ్యి ముందు కూర్చోలేని వయసు వస్తే ఆమెకు అదే ఆధారం. దాన్ని రద్దు చేయించి కొత్తది కట్టించమన్నాడు మా మేనేజరు. కొత్తదాని కాగితంలో రాబడి నాలుగు శాతం, ఎనిమిది శాతం అని రెండు వరుసలున్నాయి.

"రెండెందుకప్పా? ఇచ్చేది ఏది?" అంది అత్త. నా సందేహమూ అదే. అయినా గొంతు సవరించుకుని, "పాతది వానను నమ్ముకున్న చేను అత్తా, కొత్తది బోరు కింద చేను" అన్నాను. శనక్కాయ పంట ఎండిపోతే ఊరు వదిలి వచ్చిన మనిషి, ఇక ఆలోచిస్తుందా? రద్దు కాగితం మీదా, కొత్తదాని మీదా సంతకాలు పెట్టేసింది.

ఆఫీసులో ఆ కాగితాలు ఇచ్చేందుకు బ్యాగు తెరవబోతూ, ఎందుకో మేనేజరును అడిగాను. "సార్, కొత్తదాంట్లో ఈ నాలుగు, ఎనిమిదిలో గ్యారంటీ ఏది?"

"రెండూ కాదు."

"మరి ఎందుకు వేసినారు?"

"ఉదాహరణకప్పా."

"ఆమె పాతదాంట్లో?"

"దాంట్లో వడ్డీ రేటు రాసిచ్చినారు, చివరిదాకా మారదు. అట్లాంటివి ఇప్పుడు యాడ దొరుకుతాయి?"

"మరి మాన్పించమంటిరే!"

"టార్గెట్ ఉండాది గదప్పా!"

బ్యాగు మూసి పరుగెత్తాను. "అత్తా, తారుమారైంది. పాతదే బోరు!"

"పొద్దున వాన అంటివి గదప్పా. కొత్తదేమి మరి?"

"అది వాన. నాలుగు పడొచ్చు, ఎనిమిది పడొచ్చు, అంతకన్నా తక్కువా పడొచ్చు."

"అది మన ఊరి వానే గదా! దానికి సంతకమెందుకు?" అని నా బ్యాగులోంచి ఆ రెండు కాగితాలూ తీయించి, చించి పొయ్యిలో వేసింది.

ఆ సాయంత్రం ఆమె బెంచీ మీద కూర్చుని పాత పాలసీని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అర్థంకాని చోటల్లా "తెలీదత్తా" అన్నాను. చాలాసార్లే అన్నాను. అప్పటినుంచి ఎవరి పాలసీ అయినా నేను చదివి, వాళ్లకు చదివి వినిపించాకే సంతకం అడుగుతున్నాను. టార్గెట్ మాత్రం అప్పుడూ అందలేదు, ఇప్పుడూ అందడం లేదు. అత్త పొయ్యి ముందు కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. నెలనెలా ఆమె దుడ్లు ఆమెకు వస్తున్నాయి. నేను గడప తొక్కగానే అడుగుతుంది: "ఏమప్పా, ఈ పొద్దు బోరా, వానా?"

"తెలీదత్తా" అంటాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఆ కుర్రవాడికి ఈ ఒక్క మాట ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది.